బియ్యం లేక కాదు

మా ఆయన వణ్ణక్‌కి ఇంగ్లీషు వచ్చింది సరిహద్దు శరణార్థుల శిబిరంలో. అక్కడ రోజంతా చేయడానికి పనేమీ ఉండేది కాదు. ఎవరో పాదిరీగారు వెదురు పాకలో పాఠాలు చెబుతుంటే వెళ్ళి వెనక వరసలో కూర్చునేవారు. మా ఊరు బట్టంబాంగ్ తిరిగొచ్చాక మాకు మిగిలిన ఆస్తి ఆ చదువే. మా ఇంటి కింద, స్తంభాల మధ్య బల్లలు వేసి, ఒక స్తంభానికి నల్లబల్ల తగిలించి సాయంకాలం బడి మొదలుపెట్టారు. నేను వెనకవైపు పొయ్యి దగ్గర కూర్చుని వంట చేసుకుంటూ ఆ పాఠాలన్నీ వినేదాన్ని. రాయడం రాదు గానీ వినగా వినగా నాకూ కాస్త ఇంగ్లీషు పట్టుబడింది.

ఆ ఏడు వానాకాలంలో పెద్దవాళ్ళ తరగతికి పది పన్నెండు మంది వచ్చేవారు. అద్దె మోటారు సైకిలు నడిపే సావుత్ అందరికంటే ముందొచ్చి అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే మాలిస్ అస్సలు మాట్లాడేది కాదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయేది. ముప్పై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. వీళ్ళందరిలోకీ పెద్దది ఫల్లా. బజారు మూలన పొద్దున్నే నొంబాంచోక్ అమ్మేది. బియ్యప్పిండితో తాజాగా తీసిన ఆ సేమ్యా మీద ఆవిడ పోసే పచ్చటి చేపల పులుసు కోసం జనం ఎగబడేవారు. నది ఒడ్డున విదేశీయులు దిగే లాడ్జీ ఆయన, "మా అతిథులకి వంట నేర్పుతావా పిన్నీ?" అని అడిగాడట. అందుకని యాభై దాటిన వయసులో నల్లబల్ల ముందు కూర్చుంది. "నిమ్మగడ్డిని ఏమంటారు మాస్టారూ? దంచడాన్ని ఏమంటారు? మెత్తగా దంచమని ఎలా చెప్పాలి?" అని అడుగుతుండేది. మా ఆయనకి ఫల్లా అంటే ఇష్టం. నాకూ ఇష్టమే. ఎప్పుడు కొన్నా నా గిన్నెలో పులుసు ఇంకాస్త పోసేది.

ఆ రోజు మా ఆయన ఎక్కడిదో పాత ఇంగ్లీషు పేపరు పట్టుకొచ్చారు. అందులో ఒక వార్త చదివించి, తెలియని మాటలు నల్లబల్ల మీద రాశారు. వాటిలో ఒకటి డర్త్.

"నాలుక పళ్ళ మధ్య పెట్టి వదలండి. డర్త్."

సావుత్ నాలుగైదు సార్లు ప్రయత్నించి చేతులెత్తేశాడు. "మాస్టారూ, ఈ మాట నేర్చుకునేలోపు నా నాలుక తెగేలా ఉంది."

"తెగనీరా. నీకున్న నాలుకలో సగం తెగినా మాకు నష్టం లేదు," అంది ఫల్లా.

అందరూ నవ్వారు. మాలిస్ కూడా కొంచెం నవ్వినట్టే ఉంది.

"డర్త్ అంటే కావలసినంత లేకపోవడం," అన్నారు మా ఆయన. "ఉండాల్సింది లేక, దొరక్క ఇబ్బంది పడటం."

"అంటే కరువా?"

"కరువంటే తిండే గుర్తొస్తుంది. ఇది దేనికైనా చెప్పొచ్చు. వానలకి, డాక్టర్లకి, మంచి రోడ్లకి."

"పెళ్ళికూతుళ్ళకి?"

"నీ విషయంలో చెప్పొచ్చు."

మళ్ళీ నవ్వులు. సావుత్ ఊరుకుంటాడా! "మన 'ఒత్' చాలదా మాస్టారూ? బియ్యం ఒత్, పెట్రోలు ఒత్, పెళ్ళాం ఒత్. ఒక్క మాటతో అన్నీ అయిపోతాయి కదా. ఇంగ్లీషువాడికి ఒక్కోదానికీ ఒక్కో మాట ఎందుకట?"

ఇలాంటి ప్రశ్నలంటే మా ఆయనకి హుషారు. సుద్ద చేతిలో తిప్పుతూ బల్లకి ఆనుకున్నారు. "మన 'ఒత్' చాలా పెద్ద మాట సావుత్. లేకపోవడమూ అదే, పస్తుండటమూ అదే, ఓర్చుకోవడమూ అదే. దాని పక్కన 'తప్పు' అనే మాట చేర్చామంటే క్షమించడం అవుతుంది. ఇదేమో ఇరుకు మాట. లేదు అని ఊరుకుంటుంది. ఎవరు పస్తున్నారో ఎవరు ఓర్చుకున్నారో దానికి పట్టదు. సరే, తలా ఒక వాక్యం చెప్పండి."

ఒకతను వానలకి డర్త్ అన్నాడు. దర్జీ కుర్రవాడు కరెంటుకి డర్త్ అన్నాడు. సావుత్ ప్రయాణికులకి డర్త్ అని, తన మోటారు సైకిలు వంక దిగులుగా చూశాడు. చివరికి మాలిస్ లేచింది. కాగితం చూడకుండా, ఒక్క తప్పు లేకుండా ఇంగ్లీషులో చెప్పింది. పోల్ పాట్ కాలంలో బియ్యానికి డర్త్ వచ్చింది, అందువల్ల మా తమ్ముడు చనిపోయాడు అని దాని అర్థం.

ఎవరూ ఉలిక్కిపడలేదు. మా ఊళ్ళో అలాంటి వాక్యం ప్రతి ఇంట్లోనూ ఉంది. ఒంట్లో బాగా లేదన్నంత మామూలుగా అనేస్తాం, విన్నవాళ్ళు తలాడిస్తారు, మాట ఇంకోవైపు పోతుంది. మా ఆయన కూడా తలాడించి, "వాక్యం బాగుంది, కూర్చోమ్మా," అన్నారు.

మాలిస్ కూర్చుంది. ఫల్లా చెయ్యెత్తింది.

"మాస్టారూ, నాదొక అనుమానం. బియ్యం ఉండి, పెట్టలేదనుకోండి. అప్పుడు కూడా ఆ మాట వాడొచ్చా?"

"పెట్టకపోవడం వేరు కదా ఫల్లా. డర్త్ అంటే వస్తువే ఉండదు."

"అయితే ఆ అమ్మాయి చెప్పింది తప్పు."

మాలిస్ వెనక్కి తిరిగింది. "ఏం తప్పు పిన్నీ?"

"బియ్యం లేక కాదమ్మా. బియ్యం ఉంది. గిడ్డంగి నిండా ఉంది. బస్తాలు కుట్టి లారీలకి ఎత్తేవారు."

"నీకెలా తెలుసు?"

ఫల్లా తన గళ్ళ కండువా క్రమాని మెడ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతసేపూ చేపని శుభ్రం చేస్తున్న నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

"వండింది నేనే కాబట్టి," అంది.

ఎవరో బల్ల జరిపిన చప్పుడైంది. వాన అప్పటికే మొదలైంది, రేకుల మీద మోత. మాలిస్ లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెద్దదేం కాలేదు, నిజానికి ఇంకా తగ్గింది.

"ఎక్కడ?"

"మోంగ్ రుస్సెయ్ దగ్గర. కాలవకి ఇవతల సమష్టి వంటశాల."

"మేము అవతల," అంది మాలిస్. కాసేపు ఆలోచించింది, లెక్క సరిచూసుకుంటున్నట్టుగా. "అయితే నువ్వు కాదు. కానీ మా వంటశాలలోనూ నీలాంటిది ఒకతె ఉండేది. ముఖం గుర్తులేదు. నేనూ తమ్ముడూ చిప్పలు పట్టుకుని నిలబడితే చెయ్యే కనిపించేది, గరిటే కనిపించేది. ఒక మాట అడుగుతాను, నిజం చెప్తావా?"

"అడుగు."

"గరిటె ఎంత లోతు ముంచేదానివి?"

గుండిగలో గంజి కాగితే గింజలు అడుక్కి దిగిపోతాయి, పైన నీళ్ళు తేలతాయి. పైపైన తీస్తే నీళ్ళు, అడుగుదాకా ముంచితే మెతుకులు. ఇళ్ళలో పొయ్యి వెలిగించనివ్వక అందరికీ ఒకే గుండిగ గంజి పోసిన ఆ రోజుల్ని చూసినవాళ్ళెవరికీ ఆ ప్రశ్నకి అర్థం చెప్పక్కర్లేదు. చూడని సావుత్ కూడా నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఫల్లా ఒళ్ళోని క్రమాని మడతపెట్టింది. అబద్ధం ఆడినా ఎవరికి తెలుస్తుంది? పాతికేళ్ళు కావస్తోంది, ఆ వంటశాలలో నిలబడ్డవాళ్ళు ఎంతమంది బతికున్నారు గనక!

"అందరికీ పైపైనే," అంది చివరికి. "నా పిల్లలిద్దరూ వస్తే అడుగుదాకా."

మాలిస్ గొడుగు మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఫల్లా ఆఖర్న లేచి, మా ఆయనకి చేతులు జోడించి, క్రమా తలమీద కప్పుకుని వెళ్ళింది. మా ఆయన నల్లబల్ల తుడవడం మొదలుపెట్టారు. ఏమీ లేనిచోట కూడా తుడుస్తూనే ఉన్నారు.

ఆ రాత్రి మేమిద్దరం ఏమీ మాట్లాడుకోకుండా భోంచేశాం. మా ఇద్దరికీ అది కొత్తేం కాదు.

మాకొక కూతురుండేది. కన్నితా. అయిదేళ్ళది. పోల్ పాట్ మనుషులు మమ్మల్ని ప్నోమ్ స్రోక్ వైపు తోలినప్పుడు ఆయన్ని ఆనకట్ట పనికి వేరే దళంలో పంపేశారు. నాట్లు పడే రోజుల్లో పాప కాళ్ళు వాచాయి, తర్వాత ముఖం వాచింది, తర్వాత ఒక రోజు పొద్దున నేను పొలానికి పోబోతూ లేపితే లేవలేదు. ఆయన వచ్చింది పంట కోతలప్పుడు. పాక గుమ్మంలో నిలబడి లోపలంతా ఒకసారి చూశారు. నన్ను ఏమీ అడగలేదు, నేను ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత శిబిరంలో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇప్పుడు నోంపెన్‌లో చదువుకుంటున్నారు. తమకొక అక్క ఉండేదని వాళ్ళకి తెలుసు, పేరు తెలియదు. మా ఇంట్లో ఆ పేరు పలికినవాళ్ళు లేరు.

మర్నాడు సాయంత్రం పాఠానికి ముందే సావుత్ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాడి ముఖంలో ఎప్పుడూ ఉండే అల్లరి లేదు.

"మాస్టారూ, చెప్పడం మా తప్పైతే ఏమీ అనుకోకండి. ఆవిడ వస్తే మేము రాము."

"ఆవిడ ఇవాళ రాలేదు కదా," అన్నారు మా ఆయన.

"రేపొస్తే?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. కూర్చోండి."

"మా అమ్మకి చెప్పాను మాస్టారూ. మా అమ్మ అన్నం తినలేదు నిన్న. ఆవిడ దగ్గర ఇన్నాళ్ళూ సేమ్యా కొనుక్కు తిన్నామా అని."

ఆయన నల్లబల్ల వైపు తిరిగారు. పాఠం చెప్పారు. మాలిస్ రాలేదు. ఆవిడ గొడుగు స్తంభానికి ఆనించి అలాగే ఉంది.

ఫల్లా బజారుకి కూడా రావడం మానేసింది. మొదటి రోజు జనం అడిగారు, రెండో రోజు మాట పాకింది, మూడో రోజు ఎవరూ అడగలేదు. ఆ మూల ఖాళీగా ఉంది, పక్కనున్న కూరగాయలామె తన గంపలు అక్కడికి జరుపుకుంది. ఎందుకు వెళ్ళాలనిపించిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. చూడకపోతే నిద్రపట్టేలా లేదు, అంతే. సైకిలు తీసుకుని సంగ్కే నది పక్కనే పోయి ఆవిడ ఇల్లు కనుక్కున్నాను.

ఫల్లా మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కుండలో నానబెట్టిన బియ్యం పులిసిపోయి వాసనొస్తోంది.

"తిట్టడానికొచ్చావా చెల్లీ, సేమ్యా కోసం వచ్చావా?"

"తెలీదు ఫల్లక్కా."

"సేమ్యా అయితే లేదు. తిట్టాలంటే కూర్చుని తిట్టు, ఎండలో ఎందుకు?"

కూర్చున్నాను. నది ఎర్రగా, నిండుగా పోతోంది.

"ఎందుకు చెప్పావు?" అని అడిగాను. "ఎవరూ అడగలేదు కదా. మా ఆయన వాక్యం బాగుందన్నారు, ఆ పిల్ల కూర్చుంది, అయిపోయింది."

"అదే చెల్లీ. అయిపోయింది." ఫల్లా పులిసిన కుండ మీద ఈగల్ని తోలింది. "లేదు కాబట్టి పోయాడు అంటోంది ఆ పిల్ల. వాన పడలేదు, పంట ఎండింది అన్నట్టు. అందులో ఎవరి చెయ్యీ లేనట్టు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల, దాని నోటితో అది అలా చెప్పుకుంటుంటే నేను వెనక కూర్చుని వినలేకపోయాను. బియ్యం పండింది. వాళ్ళే పండించారు, ఆ పిల్లా దాని తమ్ముడూ. నా కళ్ళముందే లారీలెక్కింది. ఇంత గుండిగకి ఇంత బియ్యం అని కొలిచి ఇచ్చేవాడు మా నాయకుడు. ఇంకాస్త ఇవ్వమని అడిగిన వంటమనిషిని తీసుకుపోయారు. ఆ ఖాళీలోకే నన్ను తెచ్చిపెట్టారు. మాది బీదకుటుంబం, పట్నం నుంచి తోలుకొచ్చిన కొత్తవాళ్ళం కాదు, పాత జనం, నమ్మకస్తులమని."

"నువ్వు అడిగావా, ఇంకాస్త ఇవ్వమని?"

"లేదు."

అంతే చెప్పింది. ఎందుకు అడగలేదో, భయపడిందో లేదో ఏమీ కలపలేదు. నేను ఎదురుచూశాను, కలుపుతుందేమోనని.

"కొలత వాళ్ళదే గానీ గరిటె నాది," అంది కాసేపటికి. "ఎవరికి నీళ్ళు, ఎవరికి మెతుకులు అన్నది నా చేతిలో పని. నా ఇద్దరూ బతికారు. కొడుకు ఇటుకల బట్టీలో చేస్తాడు, కూతురికి ముగ్గురు పిల్లలు. వాళ్ళు ఇంటికొచ్చి తింటుంటే చూస్తాను. వీళ్ళు ఎవరి మెతుకులు తిని బతికారో అనుకుంటాను. అలా అనుకోని రోజు లేదంటే నమ్ముతావో నమ్మవో నాకు తెలీదు. నమ్మమని అడగను."

నాకు కోపంగానే ఉంది. నా కూతురు నిలబడ్డ వరస ముందు గుండిగ దగ్గర ఉన్న ఆడదాన్ని నేనూ చూశాను. ఆమె పిల్లలు కూడా బతికే ఉంటారు. ఎక్కడో ఇలాగే మెట్ల మీద కూర్చుని ఉంటుంది, లేదా ఏమీ పట్టనట్టు మనవల్ని ఆడిస్తూ ఉంటుంది.

లేవబోతుంటే ఫల్లా నా చెయ్యి పట్టుకుంది. "పచుం బెన్ పండగ వస్తోంది కదా. ఏటా చచ్చిపోయినవాళ్ళకని గుడికి అన్నం తీసుకెళ్తాను. ఆచారిగారు ఎవరి పేరున అని అడుగుతారు. పేరు లేనివాళ్ళ పేరున అంటాను. ఆ వరసలో ముఖాలు తెలుసు గానీ పేర్లు తెలియవు చెల్లీ. ఎవరూ పేర్లు చెప్పుకునేవారు కాదు కదా. ఆ నర్సమ్మని వాళ్ళ తమ్ముడి పేరు అడుగుతావా? ఆ అబ్బాయి పేరున పెడతాను. నేను అడిగితే ముఖం మీద తలుపేస్తుంది."

"నేనడిగినా వేస్తుంది," అన్నాను. అయినా గొడుగు ఇవ్వాలి గదా అని ఆసుపత్రికి వెళ్ళాను.

మాలిస్ వరండాలో పట్టీలు ఆరబెడుతోంది. గొడుగు తీసుకుని థాంక్స్ చెప్పింది. ఫల్లా అడిగిన మాట చెప్పాను. వింటున్నంతసేపూ పట్టీలు ఒక్కొక్కటే దులిపి తీగ మీద వేస్తూనే ఉంది.

"ఆవిడ గరిటెతో మా తమ్ముడికి మళ్ళీ పెడుతుందా?" అంది. "వద్దు అక్కా. వాడికి నేను పెట్టుకుంటాను."

"సరేనమ్మా."

"నేను కోపంతో అనటం లేదు. కోపం కూడా ఉందనుకోండి. కానీ వాడి పేరు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మా నాన్నా పోయారు. దాన్ని ఆవిడకి ఇవ్వలేను." ఒక పట్టీ కింద పడితే తీసి మళ్ళీ బకెట్లో వేసింది. "అయినా ఆవిడ చెప్పింది నిజమే. నా వాక్యం తప్పు. ఆ రాత్రి ఇంటికెళ్ళి సరిచేసి రాశాను. ఏం రాశానో అడక్కండి."



తిరిగి వెళ్ళి ఫల్లాకి చెప్పాను. తల ఊపింది, అంతకంటే వేరే జవాబు ఆశించనట్టే. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, ముందుగా అనుకున్న మాట కాదు.

"మా పాప పేరున పెట్టు. కన్నితా."

ఫల్లా నన్ను చూసింది. "మీ పాప మా వంటశాల కాదు కదా."

"కాదు. నీ గరిటె కింద నిలబడలేదు. అందుకే చెప్పగలిగానేమో."

"కన్నితా," అంది ఫల్లా, మర్చిపోకుండా ఉండటానికన్నట్టు. ఇన్నేళ్ళ తర్వాత ఇంకొకరి నోట ఆ పేరు విన్నాను. సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

మా ఆయన బల్లలు సర్దుతున్నారు. దాచడం ఇష్టం లేక వెంటనే చెప్పాను.

"ఫల్లాకి పేరు చెప్పాను. గుడిలో పెట్టమని."

"ఎవరి పేరు?"

"మన పాప పేరు."

బల్ల కాలు నేల మీద గట్టిగా పడింది. "ఎవరినడిగి చెప్పావు?"

"ఎవర్నడగాలి? కన్నదాన్ని."

"ఆవిడ చేసిందంతా విని కూడానా? నీ చెవులతో విన్నావు కదా!"

"విన్నాను కాబట్టే. మీరు క్లాసులోకి రావద్దని చెప్పలేదు ఆవిడతో. మీకు మాత్రం ఆవిడంటే జాలి ఉండొచ్చు, నాకుండకూడదా?"

"చదువు చెప్పడం వేరు. ఇది వేరు. నాతో ఒక్క మాట అనాలి కదా!"

"ఇన్నేళ్ళలో మీతో ఆ పేరు ఎప్పుడు అననిచ్చారండీ?"

ఆయన ముఖం తెల్లబోయింది. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. గుడికి రానన్నారు. ఆ మాటైనా నాతో అనలేదు, పండగకి పప్పూ బెల్లం తెచ్చిచ్చిన పొరుగావిడతో అన్నారు, నాకు వినబడేలా.

పండగ ఆఖరి రోజున నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ పదిహేను రోజులూ చచ్చిపోయినవాళ్ళు ఆకలితో వచ్చి గుడి గుడికీ వెతుక్కుంటారని, తమవాళ్ళు పెట్టింది కనిపించకపోతే శపిస్తారని మా అమ్మ చెప్పేది. అందుకే గుడంతా జనం, గిన్నెలు, అరిటాకు పొట్లాల వాసన. ఫల్లా ఒక మూలన ఉంది. ఆవిడ చుట్టూ కాస్త ఖాళీ ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, చాపలు మాత్రం దూరంగా పరచుకున్నారు. నేను వెళ్ళి నా చాప ఆవిడ చాప పక్కన వేశాను. ధైర్యమో మొండితనమో అప్పుడు ఆలోచించలేదు.

పళ్ళెంలో తెల్లటి అన్నం, ఎండు చేప, గుమ్మడికాయ కూర. ఆచారిగారు వంగి, "ఎవరి పేరున?" అన్నారు.

ఫల్లా నా వైపు చూసింది. నేనే చెప్పాలని. చెప్పాను. ఆయన బౌద్ధ భిక్షువుల ముందు కన్నితా అని గట్టిగా పలికారు, అన్ని పేర్లతో పాటే, పక్కన ఎవరో ముసలాయన పేరుకీ, ఎవరో సైనికుడి పేరుకీ మధ్యన. తర్వాత ఫల్లా ఎప్పటిలాగే పేరు లేనివాళ్ళ పేరున ఇంకో పళ్ళెం ఇచ్చింది. స్తంభాల అవతల మాలిస్ కనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, తన పళ్ళెం తనే ముందుకు జరుపుతోంది. మా వైపు చూసిందో లేదో తెలియదు.

వెళ్ళేటప్పుడు ఫల్లా నా చేతులు పట్టుకుంది గానీ క్షమించమని అడగలేదు. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఎవరి దగ్గర అడగాలో తెలియక అయ్యుంటుంది. వానాకాలం వెళ్ళాక ఆవిడ మళ్ళీ బజారుకి వచ్చింది, కూరగాయలామెతో పోట్లాడి తన మూల తను తీసుకుంది. కొనేవాళ్ళు సగానికి తగ్గారు. లాడ్జీలో వంట నేర్పడం కూడా మొదలుపెట్టింది. బడికి మాత్రం రాలేదు. మా ఆయన వారానికి రెండు రోజులు ఆవిడ ఇంటికే వెళ్ళి చెప్పొచ్చేవారు. మాలిస్ నది అవతల ఇంకో బడిలో చేరిందని సావుత్ చెప్పాడు. వాడు మా బడి మానలేదు, వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ ఆ మూల వైపు నుంచి నడవదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ పండగ రోజు సాయంత్రం సంగతి. ఇంటికొచ్చేసరికి ఆయన కింద బల్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నేను గిన్నెలు దింపుకున్నాను. కాళ్ళు కడుక్కున్నాను. పొయ్యి రాజేస్తుంటే వెనకనుంచి మాట వినబడింది.

"ఎంత పెట్టింది?"

"పళ్ళెం నిండా. చేప కూడా వేసింది."

"అంత తినదు అది," అన్నారు. "సగం తిని సగం కోళ్ళకి వేసేది. ఆ తెల్ల కోడి అయితే దాని ఒళ్ళోనే ఎక్కి కూర్చునేది."

నేను పొయ్యి ఊదడం ఆపాను. "తెల్లది కాదండీ. పొడల కోడి."

"తెల్లదే. మీ అన్నయ్య ఇచ్చింది కదా."

"మా అన్నయ్య ఇచ్చింది పుంజు. అది వేరు. కన్నితా ఎత్తుకు తిరిగింది పొడల పెట్టని."

"నాకు బాగా గుర్తు. తెల్లది. మెడ మీద ఒక్క నల్ల ఈక ఉండేది. కన్నితా దానికి పేరు కూడా పెట్టింది."

"ఏం పేరు?"

ఆయన నోరు తెరిచి, గుర్తురాక, నుదురు రుద్దుకున్నారు. నాకూ గుర్తురాలేదు. నేను వెళ్ళి బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. చీకటి పడేదాకా ఆ కోడి రంగు గురించే పోట్లాడుకున్నాం.